నీళ్లూ వాడా – 5 : పైపు ఊరి దాకా వచ్చింది, వాల్వు ఎవరి చేతిలో ఉంది?

1937లో నీళ్ల మీద రెండు కాగితాలు పుట్టాయి.

మొదటిది మార్చి 17న బొంబాయి హైకోర్టులో. మహద్ పట్నంలోని చవుదార్ చెరువు నీళ్లు అంటరానివాళ్లు తీసుకోవచ్చా లేదా అన్న కేసులో, తీసుకోకూడదన్న వాళ్లు ఓడిపోయారు. బాబాసాహెబ్ పదేళ్లు పోరాడితే వచ్చిన తీర్పు అది.

రెండోది అదే ఏడాది నవంబరు 16న మద్రాసులో. కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా నాయకులూ సీమ నాయకులూ కూర్చుని రాసుకున్న ఒడంబడిక. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్ల వాడకంలో రాయలసీమకూ నెల్లూరుకూ ముందు అవకాశం ఇవ్వాలని అందులో రాసుకున్నారు.

ఈ రెండో కాగితం పేరు చెప్పకుండా మన సీమలో నీళ్ల సభ జరగదు. తిరుపతిలో జరిగినా మదనపల్లెలో జరిగినా శ్రీబాగ్ మాట వచ్చి తీరుతుంది. రావాలి కూడా. కానీ మొదటి కాగితం మాట ఎత్తిన నీళ్ల సభ నేనింతవరకు చూడలేదు. సీమకు కోస్తా బాకీ ఉందని రెండో కాగితం చెప్తుంది. వాడకు ఊరు బాకీ ఉందని మొదటి కాగితం చెప్తుంది. ఒక బాకీని గట్టిగా అడిగేవాళ్లు రెండో బాకీ దగ్గర ఎందుకు గొంతు తగ్గిస్తారు?

పోయిన నాలుగు భాగాల్లో బావి, చెరువు, బోరు, ట్యాంకరు గురించి రాశాను. ఈసారి పైపు. ఎక్కడో ఉన్న జలాశయం నుంచి నగరాలకూ మున్సిపాలిటీలకూ వందల పంచాయతీలకూ కలిపి ఒకే లైనుతో నీళ్లు తెచ్చే పథకాల గురించి. వీటిని వాటర్ గ్రిడ్ అంటున్నారు, సమగ్ర రక్షిత మంచినీటి పథకం అంటున్నారు. పేరు ఏదైనా ప్రశ్న ఒకటే. ఆ లైను ఎక్కడ మొదలవుతుందో అందరూ చెప్తున్నారు. ఎక్కడ ఆగుతుందో ఎవరు చెప్తారు?

*

ముందు నీళ్ల లెక్క చూద్దాం.

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏడాది పొడుగునా పారే నది లేదు. స్వర్ణముఖి, నీవా, అరణి, కుశస్థలి, బాహుదా అన్నీ వానొస్తే పారే ఏర్లే. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్టకు నీళ్లు ఊరుతుంటే కింద పల్లెలన్నీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాయి. అలాంటి వరద చూసిన జిల్లాలోనే పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దాటి బోరు దించినా దుమ్ము లేచిన చోట్లు ఉన్నాయి. వరదా మనదే, ఎండా మనదే.

అందుకే దూరం నీళ్లు కావాలి. తిరుపతి నగరం ఇప్పటికే అలా బతుకుతోంది. 1977లో కట్టిన కల్యాణి డ్యాం ఒక్కటే చాలక, తెలుగుగంగ పథకంలోని కండలేరు నీళ్లు తెచ్చుకుంటోంది. కుప్పం వైపు హంద్రీ–నీవా కాలువలో కృష్ణా నీళ్లు శ్రీశైలం నుంచి ఎత్తుకుంటూ వస్తున్నాయి. గాలేరు–నగరి రెండో దశ ఇంకా పూర్తి కాలేదు. 2013లో కిరణ్‌కుమార్ రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కండలేరు నుంచి చిత్తూరు జిల్లాకు వేల కోట్లతో తాగునీటి పథకం మంజూరు చేశారు. ఒక్క జిల్లాకే ఇంత డబ్బా అని అసెంబ్లీలో గొడవ అయింది. రాష్ట్రం విడిపోయింది, ప్రభుత్వం మారింది, పథకం ఆగిపోయింది.

అసలు మనకు ఎన్ని నీళ్లు కావాలి? 2011 జనాభా లెక్కల్లో పాత చిత్తూరు జిల్లా జనం 41 లక్షల 74 వేలు. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున వేసుకోండి. ఏడాదికి ఐదున్నర టీఎంసీలకు కాస్త తక్కువే అవుతుంది. కండలేరు జలాశయం పట్టేది 68 టీఎంసీలు. తాగడానికి, వండుకోవడానికి, స్నానానికి, బట్టలకు జిల్లా మొత్తానికి కావాల్సిన నీళ్లు ఆ జలాశయంలో పన్నెండో వంతు. జనం ఆ తర్వాత పెరిగారు నిజమే, ఇంకో రెండు టీఎంసీలు కలుపుకోండి. అసాధ్యమైన లెక్కేమీ కాదు.

ఇంకో లెక్క. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా ఐదు టీఎంసీల కృష్ణా నీళ్లు వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983లో మన రాష్ట్రమూ తమిళనాడూ తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నాయి. 1996లో ఆ నీళ్లు పూండి చేరాయి. కండలేరు నుంచి తమిళనాడు సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల కాలువ. అందులో మన తూర్పు మండలాల మీదుగా పోయేదీ ఉంది. మద్రాసులో కూడా బిందె పట్టుకుని లైన్లో నిలబడేది మన లాంటి వాళ్లే, వాళ్ల నీళ్ల మీద నాకు ఏడుపు లేదు. నేనడిగేది ఒక్కటే. నాలుగు రాష్ట్రాలు కూర్చుని ఒక నగరానికి నీళ్లు పంచుకోగలిగితే, ఒక పంచాయతీలో ఊరూ వాడా పంచుకోలేవా?

*

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. నేను పెద్ద పైపులైన్లకు వ్యతిరేకిని కాదు. గట్టిగా అనుకూలం.

పర్యావరణం మాట్లాడే మిత్రులు కొందరు, అందులో నాకు ఇష్టమైనవాళ్లూ ఉన్నారు, వేరే మాట చెప్తారు. చిత్తూరు జిల్లాలో వేల చెరువులున్నాయి, పూడిక తీసి సప్లై కాలువలు బాగు చేసుకుంటే చాలు, దూరం నీళ్లెందుకు, ఊరి నీళ్లు ఊరికే అంటారు. చెరువులు బాగు చేయాల్సిందే. భూగర్భ జలం నిలబడాలంటే వేరే దారి లేదు. కానీ "ఊరి నీళ్లు ఊరికే" అన్న మాట వినగానే మాకు ఒళ్లు జలదరిస్తుంది. ఊరి నీళ్లు ఊరికే ఉన్నాయి, వెయ్యేళ్లుగా. వాడకు ఉన్నాయా?

కొలకలూరి ఇనాక్ గారు మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. ఆయన "ఊరబావి" కథ పాఠం చెప్పిన ప్రతిసారీ నేను పిల్లల్ని ఆ పేరు దగ్గరే ఆపుతాను. ఊర–బావి. ఆ సమాసంలోనే మనం లేము. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపిన మారణకాండ నీళ్ల దగ్గరే మొదలైంది. మాదిగపల్లె తాగే చెరువు నీళ్లను పశువుల బకెట్టు కడిగి పాడు చేస్తుంటే మున్నంగి సువార్తమ్మ అడ్డుకుంది. తాగే నీళ్లు పాడు చేయొద్దని అడగడమే నేరమైంది.

అంబేద్కర్ గ్రామాన్ని నమ్మలేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే ఆ సంగతి దాచుకోకుండా చెప్పాడు. అంతకుముందు 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు దామోదర్ లోయ పథకానికి పునాది వేశాడు. ఒక నది ఎన్ని రాష్ట్రాల్లో పారితే అన్నీ కలిసి ఒకే ప్రణాళిక వేసుకోవాలన్నది ఆ పథకం వెనకున్న ఆలోచన. చెరువు దగ్గర నీళ్లు దోసిట పట్టి తాగిన మనిషీ, నదీ లోయల ప్రణాళిక గీసిన మనిషీ ఒక్కడే. మహద్ గురించి రాసినంతగా దామోదర్ గురించి మన వాళ్లు రాయలేదు. నాకైతే ఆ రెండూ ఒకే పనిలో రెండు మెట్లు. నీళ్లు ఊరి పెత్తనం దాటి ఎంత దూరం నుంచి వస్తే, వాటి మీద ఊరి పెత్తనం అంత తగ్గుతుందన్న ఆశ అందులో నాకు కనిపిస్తుంది.

ఆ ఆశ ఎక్కడ విరుగుతుందో చూపించడానికే ఈ భాగం రాస్తున్నా.

*

పెద్ద పథకం ఎలా పని చేస్తుంది? జలాశయం దగ్గర పంపింగ్. శుద్ధి చేసే ప్లాంటు. అక్కడి నుంచి మెయిన్ లైను. మండలానికొక పెద్ద సంపు. అక్కడి నుంచి ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు. ఇంతవరకు అంతా ఇంజినీర్లూ కార్పొరేషన్లూ టెండర్లూ. ప్రెజర్ ఎంత, పైపు సైజు ఎంత, రోజుకు ఎన్ని లీటర్లు, అన్నిటికీ కాగితం ఉంటుంది.

ట్యాంకు దగ్గర కాగితం అయిపోతుంది. అక్కడి నుంచి "ఊళ్లో పంపిణీ, పంచాయతీ చూసుకుంటుంది."

ట్యాంకు ఎక్కడ కడతారు? స్థలం ఉన్న చోట. అంటే బడి పక్కన, గుడి పక్కన, పంచాయతీ ఆఫీసు పక్కన. ఊళ్లో. పైపు ముందు ఏ వీధిలోకి పోతుంది? దగ్గరున్న వీధిలోకి. వాడ ఎక్కడ ఉంటుంది? మన జిల్లాలో రోడ్డు పక్కన బోర్డుల మీద ఏఏడబ్ల్యూ అని, అంటే ఆది ఆంధ్రవాడ అని రాసి ఉంటుంది చూడండి. ఊరి బోర్డు దాటి, ఎడం వదిలి, ఆ చివర. ఒక్కో చోట వాడకు పోయే లైను అసలు ప్లానులోనే ఉండదు, తర్వాత ఎప్పుడో ఊరి లైను చివర నుంచి సన్న పైపు తగిలిస్తారు. ఇంజినీరు కులం చూసి గీయలేదు. ఖర్చు చూసి గీశాడు. కానీ ఊరు ముందే కులం ప్రకారం కట్టి ఉంది కాబట్టి, దగ్గర నుంచి దూరానికి గీసిన ప్రతి గీతా కులం ప్రకారమే పోతుంది.

చాలా వాడలు పల్లంలో ఉంటాయి. గ్రావిటీ లెక్కన నీళ్లు ముందు మనకే రావాలి. ఎందుకు రావు? ఒకటి, గేటు వాల్వు. ఏ వీధికి ఎంతసేపు తిప్పాలో ఆ వాల్వు తిప్పే మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషి తరచుగా మనవాడే, చాలీచాలని జీతం మీద బతికేవాడు. అతనికి ఫోన్ చేసి "ఇంకో పది నిమిషాలు వదలరా" అనగలిగేవాళ్లు ఊళ్లో ఉంటారు. వాడలో నుంచి ఫోన్ చేస్తే "వస్తాయిలే అక్కా, ఓపిక పట్టు" అంటాడు. రెండు, మోటార్లు. పై వీధుల్లో కుళాయికి మోటారు తగిలించి లాగుతారు. పైపులో ఉన్న ప్రెజర్ అంతా అక్కడే అయిపోతుంది. చివర కుళాయిలో గాలి బుస్సుమంటుంది. మీటరు ఉంటే ఆ కుళాయి కూడా "కనెక్షన్ ఇచ్చిన ఇల్లు" కిందే లెక్క.

బావి కాలంలో అడ్డుకునే మనిషి కనిపించేవాడు. అతని మీద కేసు పెట్టొచ్చు. రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లు రాసి మరీ వివక్ష వద్దన్నారు. పైపు దగ్గర అడ్డుకునేవాడు ఎవరు? వాల్వు తిప్పిన ఫిట్టరా? మోటారు పెట్టిన ఇల్లా? చివర పెట్టి గీసిన ప్లానా? ఎవరి మీద కేసు పెడతాం? అంటరానితనానికి భూగర్భంలో మూడడుగుల లోతున ఇంత మంచి దాపు దొరుకుతుందని మనువు కూడా ఊహించి ఉండడు.

దూరం నుంచి తేవాల్సినవన్నీ రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది. వివక్ష జరిగే చోటు మాత్రం ఊరికే వదిలేసింది. ఈ వ్యాసంలో మీరు ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

*

ఇంకో తేడా ఉంది, అది ట్యాంకు దాకా కూడా పోనవసరం లేదు, ప్లాను మొదటి పేజీలోనే ఉంటుంది. డ్రైనేజీ ఉన్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్కగడతారు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెలో మనిషికి 55 లీటర్లు. ఒకే జలాశయం, ఒకే లైను, మధ్యలో మనిషి విలువ మాత్రం రెండున్నర రెట్లు మారిపోతుంది. పల్లెలో ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బిందెలు పద్దెనిమిది. అందులో గేదె ఉంటే గేదెకూ, మరుగుదొడ్డి ఉంటే మరుగుదొడ్డికీ. ఊళ్లో రైతుకు సొంత బోరు ఉంటుంది, 55 సరిపోకపోతే పొలం నీళ్లు తెచ్చుకుంటాడు. భూమి లేని వాడకు ఆ 55 తప్ప ఇంకో చుక్క లేదు. అందరికీ సమానంగా 55 అన్నమాట భూమి ఉన్నవాడికి ఒక రకంగా, లేనివాడికి ఒక రకంగా పని చేస్తుంది.

ఆ మిషన్ 2019 ఆగస్టు 15న మొదలైనప్పుడు 2024కల్లా ప్రతి ఇంటికీ కుళాయి అన్నారు. గడువు 2028కి జరిగింది. కుళాయి బిగించడమే లక్ష్యమైన చోట గడువు జరిగినా ఫొటో వస్తుంది. నీళ్లు లక్ష్యమైతే ఫొటో సరిపోదు.

*

మరి ఈ ప్లాను ఎవరు వేయాలి?

రాజ్యాంగంలో దీనికి జవాబు ఉంది. 74వ సవరణతో వచ్చిన 243 జెడ్‌డి అధికరణం తీసి చదవండి. ప్రతి జిల్లాకూ ఒక జిల్లా ప్రణాళికా సంఘం ఉండాలి. పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఉమ్మడి విషయాల మీద అది ప్రణాళిక వేయాలి. ఆ ఉమ్మడి విషయాల్లో "నీళ్లు పంచుకోవడం" అన్నది పేరు పెట్టి రాసి ఉంది. అందులో ఐదింట నాలుగు వంతుల సభ్యులు జిల్లా పరిషత్తుకూ మున్సిపాలిటీలకూ ఎన్నికైన వాళ్ల నుంచే రావాలి. మన రాష్ట్రం 2005లో దీనికి చట్టం కూడా చేసింది.

ఈ సంఘం మన జిల్లాలో ఏ రోజు కూర్చుందో, ఏ పైపు గురించి మాట్లాడిందో మీలో ఎవరికైనా తెలుసా? జడ్పీటీసీ అయిన మన అక్కచెల్లెళ్లను, కార్పొరేటర్ అయిన మన అన్నదమ్ముల్ని అడగండి. రిజర్వేషన్‌తో మనం గెలిచే చోట ప్రణాళిక జరగదు. ప్రణాళిక జరిగే చోట మనకు రిజర్వేషన్ లేదు. కార్పొరేషన్ ఆఫీసులో, కన్సల్టెన్సీ కంప్యూటర్లో, మంత్రి సమీక్షలో పైపు గీత పడుతుంది. మన సర్పంచికి తెలిసేసరికి రోడ్డు తవ్వి ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా ముక్కలైన తర్వాత ఈ అవసరం ఇంకా పెరిగింది. కండలేరు నెల్లూరు జిల్లాలో ఉంది. వాడకం తిరుపతి జిల్లాలో. చిత్తూరుకు రావాలంటే ఆ రెండూ దాటాలి. ఎండాకాలం జలాశయం అడుగంటితే ఎవరి వాటా ముందు కోస్తారు? నగరానిదా, పల్లెలదా, ఫ్యాక్టరీలదా? ఆ నిర్ణయం ముందే, ఎన్నికైన వాళ్ల మధ్య, అందరూ చదివే కాగితం మీద ఉండాలి. లేకపోతే ఎవరి ఫోన్ గట్టిదైతే వాళ్లకే నీళ్లు.

పక్కన తమిళనాడును చూడండి. 1971లో నీటి సరఫరా బోర్డు పెట్టుకుని, కలిపి ఇచ్చే పథకాలు దశాబ్దాలుగా నడుపుతున్నారు. కుప్పానికి పొరుగునే ఉన్న కృష్ణగిరికీ, ధర్మపురికీ ఫ్లోరైడ్ బాధ తప్పించడానికి హొగెనక్కల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చుకున్నారు. మన పక్క అనంతపురంలో 1990లలోనే సత్యసాయి పథకం వందల ఊళ్లకు లైను వేసింది. అంటే సాంకేతికంగా కొత్త విషయమేమీ కాదు. ఆ అనంతపురంలోనే పథకాల కార్మికులు నెలల తరబడి జీతాల్లేక సమ్మెలు చేశారు. లైను వేసేటప్పుడు డబ్బుంటుంది, లైను నడిపే మనిషికి ఉండదు. అది కూడా ప్లానులో రాయాల్సిన విషయమే.

తీర్మానం ఒక్కటే చాలదన్న సంగతి మహద్ ఎప్పుడో నేర్పింది. చవుదార్ చెరువును అందరికీ తెరుస్తున్నామని మహద్ మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. మూడేళ్లు ఒక్కరూ ఆ నీళ్లు ముట్టుకోలేకపోయారు. 1927 మార్చి 20న అంబేద్కర్‌తో జనం నడిచి వెళ్లి తాగితే, అదే మున్సిపాలిటీ ఆగస్టులో తీర్మానం వెనక్కి తీసుకుంది. స్థానిక ప్రభుత్వం అంటే అదీ. ఒక చేత్తో తెరుస్తుంది, జనం నిజంగా వస్తే ఇంకో చేత్తో మూస్తుంది. అందుకే మనం ఆ సంఘంలోనూ ఉండాలి, ఆ చెరువు గట్టు మీదా ఉండాలి.

*

అడగాల్సినవి నాకు ఐదు కనిపిస్తున్నాయి. మీ మండలంలో నీళ్ల పథకం మీద ఏ గ్రామసభ జరిగినా, రేపు స్థానిక ఎన్నికలు ఎప్పుడొచ్చినా, వీటినే అడగండి.

1. వాడ చివర కుళాయి దగ్గర కొలత మొదలు పెట్టాలి. అక్కడ 55 లీటర్లు వస్తేనే ఆ ఊరికి నీళ్లు వచ్చినట్టు. ట్యాంకు నిండితే కాదు.

2. వాడకు మెయిన్ లైను నుంచి సొంత లైను, సొంత ట్యాంకు, సొంత వాల్వు. ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం 2013 నుంచి ఉంది. రోడ్ల పేరుతో, భవనాల పేరుతో పోయే ఆ డబ్బు దీనికి రావాలి. వేరే ట్యాంకు అంటే మళ్లీ వెలి కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు: ఒకే జలాశయం నీళ్లు, ఒకే ప్లాంటులో శుద్ధి అయిన నీళ్లు, మధ్యలో ఊరి దయ లేకుండా వస్తున్నాయి. అది వెలి కాదు, వాటా.

3. ఏ వీధికి ఏ రోజు ఎన్ని గంటలకు ఎంతసేపు నీళ్లో సచివాలయం గోడ మీద రాసి పెట్టాలి. వాల్వు తిప్పే మనిషికి నెలనెలా జీతం, పై నుంచి ఫోన్ వస్తే కాదనగలిగే రక్షణ ఉండాలి.

4. గ్రామ నీటి, పారిశుధ్య కమిటీలో సగం మంది ఆడవాళ్లు, బలహీన వర్గాలకు జనాభా ప్రకారం చోటు అని మిషన్ నిబంధనే చెప్తోంది. ఆ కమిటీ సభ్యుల పేర్లు అడగండి. చాలాసార్లు ఆ సభ్యురాలికే తాను సభ్యురాలినని తెలియదు.

5. జిల్లా ప్రణాళికా సంఘాలు కూర్చోవాలి. తిరుపతి, చిత్తూరు, నెల్లూరు కలిసి కూర్చోవాలి. కరువు ఏడాదిలో వాటాలు ఎలా తగ్గుతాయో ముందే రాసుకోవాలి.

సీమ ఉద్యమ మిత్రులకు చివరి మాట. హంద్రీ–నీవా పేరులో హంద్రి కర్నూలు ఏరు, నీవా మన చిత్తూరు ఏరు. పేరులో చివర ఉన్నందుకు చిత్తూరు ఎన్నేళ్లు ఎదురు చూసిందో మీకు తెలుసు. కాలువ చివర ఉండటం అంటే ఏమిటో సీమకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పైవాళ్లు లాగేసుకుంటే కిందవాళ్లకు మిగలదని మీరు ఎనభై ఏళ్లుగా అంటున్నారు. ఆ మాటను అలాగే పట్టుకుని ఊరి ట్యాంకు దగ్గర నుంచి వాడ చివరి దాకా నడవండి. అక్కడా అదే మాట చెప్పండి. చెప్పగలిగితే శ్రీబాగ్ కాగితం మాది కూడా అని వాడ అంటుంది. అప్పటిదాకా మా చేతిలో ఉన్నది 1937 మార్చి నాటి కాగితమే.

వచ్చే భాగంలో కాలువ గట్టు మీద బతికే యానాదుల గురించి. పక్కనే టీఎంసీలు పారుతుంటే వాళ్ల బిందె ఎందుకు ఖాళీగా ఉంటుందో చూద్దాం.

జై భీమ్.